10కె నుంచి ఫుల్‌కి 17 నెలలు

(ఆదివారం లాంగ్ రన్ తర్వాత కొత్త రన్నర్లకి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. 10కె అంటే 10 కిలోమీటర్ల రేసు, హాఫ్ అంటే 21.1, ఫుల్ అంటే 42.2 కిలోమీటర్ల మారథాన్.)

అందరికీ నమస్కారం. వెనక మెట్ల మీద ఉన్నవాళ్లకి వినిపిస్తోందా? సరే. తడి బనీను, తడి సాక్సు ఇంకా మార్చుకోనివాళ్లు ఉంటే మార్చుకుని రండి, ఫరవాలేదు, నేను మళ్లీ మొదలుపెడతాను. గంట సేపు తడి బట్టల్లో కూర్చుంటే రేపు ఒరుపులు, దురదలు.

పోయిన నెల హైదరాబాద్ మారథాన్‌లో 10కె చేసినవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. దించకండి. ఇప్పుడు మీలో జనవరిలో ముంబై ఫుల్ చేద్దామనుకుంటున్నవాళ్లు మాత్రం అలాగే ఉంచండి. అదిగో, నవ్వుతూ ఉంచారు. ఈరోజు మాటలన్నీ మీకే.

లెక్క చూద్దాం. ఆగస్టు చివరి ఆదివారం నుంచి జనవరి మూడో ఆదివారానికి 20 వారాలు, ఒకటి అటూ ఇటూ. ఏ ప్లాను డౌన్‌లోడ్ చేసినా ఫుల్‌కి 16 నుంచి 20 వారాలే ఉంటుంది. చూడగానే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. ఎందుకు? ఆ ప్లాను మొదటి వారం తెరిచి చూడండి. మొదటి ఆదివారమే 14, 16 కిలోమీటర్లు ఉంటుంది. అంటే అప్పటికే వారానికి 30, 35 కిలోమీటర్లు పరిగెత్తుతున్నవాళ్ల కోసం రాసిన ప్లాను అది. 10కె చేసిన మీరు వారానికి ఎంత చేస్తున్నారు? 15? 20? అంటే ఆ ప్లాను మొదటి వారానికి చేరడానికే మీకు మూడు నెలలు కావాలి. పైగా ఆ 20 వారాలూ మీ చేతిలో ఉంటాయా? నిమజ్జనం వారం నెక్లెస్ రోడ్డు మీదికి వెళ్లగలరా? దసరాకి ఊరు. దీపావళి మర్నాడు పొగ. కార్తీకంలో, మార్గశిరంలో పెళ్ళిళ్లు. మధ్యలో ఇంట్లో ఎవరికో ఒక వైరల్ జ్వరం, తర్వాత మీకు. 20లో 15 మిగిలితే గొప్ప.

పైగా ముంబై ఫుల్‌కి పాత రేసు టైమింగ్ సర్టిఫికెట్ అడుగుతారు. కాబట్టి కొందరి సమస్య అక్కడే తీరిపోతుంది, నేను మాట్లాడక్కర్లేదు.

నేను చెప్పేది ఇది. ఆగస్టులో 10కె అయింది. నవంబరు, డిసెంబరులో ఒక హాఫ్. విశాఖలో నేవీ మారథాన్ సాధారణంగా ఆ రోజుల్లోనే ఉంటుంది, బీచ్ రోడ్డు మీద. వచ్చే ఆగస్టులో హైదరాబాద్‌లోనే మళ్లీ హాఫ్. ఆ తర్వాత జనవరిలో ఫుల్. ఆగస్టు నుంచి లెక్కేస్తే 17 నెలలు. ఎక్కువనిపిస్తోందా? ఎక్కువే. ఎందుకంత అంటున్నానో వినండి.

గుండె, ఊపిరితిత్తులు తొందరగా మాట వింటాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలు క్రమంగా పరిగెత్తితే ఆయాసం తగ్గిపోతుంది. అప్పుడు మనిషికి ధైర్యం వస్తుంది. కానీ ఎముక? మీ మడమ వెనక వేళ్లతో పట్టుకోండి, ఇప్పుడే. తాడులాగా గట్టిగా తగులుతోంది కదా? అది పిక్కని మడమకి కట్టే అకిలిస్ టెండన్. దానికి రక్తం వెళ్లేది తక్కువ. అది బలపడాలంటే వారాలు చాలవు, నెలలు కావాలి. మోకాలి కింద ముందువైపు ఎముక కూడా అంతే. దెబ్బ తగిలిన చోట పాత ఎముక కరిగి కొత్తది పోసుకోవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో ఎముక ముందుకంటే బలహీనంగా ఉంటుంది. అందుకే చూడండి, కొత్తవాళ్లకి దెబ్బలు మొదటి వారంలో రావు. ఆరో వారం, ఎనిమిదో వారం, 'ఇప్పుడు బాగా పరిగెత్తుతున్నాను' అనుకున్న వారం వస్తాయి.

ఇక్కడొక పరీక్ష చెప్తాను, గుర్తుపెట్టుకోండి. ముందు ఎముక నొప్పి పెడితే బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుకుంటూ రండి. నొప్పి అరచేతి పొడవున పరుచుకుని ఉంటే, పరుగు మొదలుపెట్టిన పది నిమిషాలకి తగ్గుతుంటే, అది సాధారణంగా షిన్ స్ప్లింట్స్. కిలోమీటర్లు తగ్గించి, పిక్కలకి వ్యాయామం చేస్తే పోతుంది. నొప్పి రూపాయి బిళ్లంత చోట మాత్రమే ఉండి, ఒంటికాలి మీద గెంతితే సుర్రుమని పొడిస్తే, పరుగు ఆపేయండి. ఆ రోజే. డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని మర్నాడు షూ కట్టకండి. ఎముకలో సన్నని చీలిక మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎమ్మారైలో కనపడుతుంది.

ఇప్పుడు ఒక మనిషిని పట్టుకుందాం, చివరిదాకా ఆ మనిషితోనే నడుద్దాం. 10కె 65 నిమిషాలు. బరువు 65 కిలోలు, లెక్కకి తేలిక. అంటే రేసు పేస్, కిలోమీటరుకి పట్టే టైము, 6:30, ఆరున్నర నిమిషాలు. ఈ మనిషి హాఫ్ ఎంతలో చెయ్యగలడు? పీట్ రీగల్ అని అమెరికన్ ఇంజినీరు ఒక సూత్రం ఇచ్చాడు: దూరం ఎన్ని రెట్లు పెరిగిందో దాన్ని 1.06 ఘాతానికి హెచ్చించి పాత టైముతో గుణించాలి. లెక్కలొద్దనుకునేవాళ్లు 10కె టైముని 2.2తో, ఫుల్‌కైతే 4.6తో గుణించుకోండి, దాదాపు అంతే. మన మనిషికి హాఫ్ 2 గంటల 23 నిమిషాలు. ఫుల్ 4 గంటల 59 నిమిషాలు.

హాఫ్ సంగతి నమ్మొచ్చు. ఫుల్ సంగతి నమ్మకండి. ఆ సూత్రం ఫుల్‌కి తగినన్ని కిలోమీటర్లు వెనకేసుకున్నవాళ్లకి. వారానికి 45, 50 చేసే అమెచ్యూర్‌కి, మన వాతావరణంలో, 5 గంటల 15 నుంచి 5 గంటల 30 నిమిషాలు అనుకోండి. 5:15 అంటే కిలోమీటరుకి 7:28. ఈ అంకె రాసుకోండి, దీంతో పనుంది.

ఈ మనిషి రోజూ ఏ పేస్‌లో పరిగెత్తుతున్నాడు? వాచ్ తీసి చూస్తే 6:45, 6:50. రేసు 6:30, ప్రాక్టీసు 6:45. ఇదే తప్పు. రోజూ ఒక మోస్తరు రేసు చేస్తున్నట్టు లెక్క. ఈజీ రన్ అంటే 10కె పేస్‌కి కిలోమీటరుకి నిమిషం నుంచి నిమిషంన్నర కలపాలి. అంటే 7:30 నుంచి 8:00. నెమ్మదిగా అనిపిస్తుందా? సిగ్గనిపిస్తుందా? ఇందాకటి అంకె చూడండి: 7:28. మీ ఫుల్ మారథాన్ పేస్ అదే. ఐదు గంటల రన్నర్‌కి ఈజీ పేసూ ఫుల్ పేసూ ఒకటే. నెమ్మదిగా పరిగెత్తడం ప్రాక్టీసు చెయ్యకపోతే రేసు రోజున దేన్ని పరిగెత్తుతారు మీరు?

పేస్ ఎలా తెలుస్తుంది? బడిలో నేర్చుకున్న ఆటవెలది ఏదో ఒకటి గుర్తుందా? పరిగెత్తుతూ బయటికి చెప్పండి. పాదానికి ఒక ఊపిరి చొప్పున చెప్పగలిగితే ఈజీ. పాదం మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే తగ్గించండి. పక్కవాళ్లు చూస్తారంటారా? ఉదయం ఐదింటికి కెబిఆర్ పార్కు బయట ఎవరి గొడవ వాళ్లది.

వాచ్‌లో 'జోన్ 2' ఉంది కదా, ఈజీ పరుగుకి తగిన హార్ట్ రేట్ అదే చూపిస్తుంది కదా అంటారు. వాచ్ మీ గరిష్ఠ హార్ట్ రేట్‌ని 220 లోంచి వయసు తీసేసి అంచనా వేస్తుంది. అది మనిషికి మనిషికి పది పన్నెండు అటూ ఇటూ ఉంటుంది. ఇంకో తమాషా, మణికట్టు మీద సెన్సర్ కొన్నిసార్లు గుండె బదులు అడుగులు లెక్కపెడుతుంది. హాయిగా జాగింగ్ చేస్తుంటే 172 చూపించిందనుకోండి, కంగారు పడకండి, నిమిషానికి మీ అడుగులు ఎన్నో చూడండి. అదీ 172 ఉంటుంది. పట్టీ ఇంకొంచెం బిగించి, మణికట్టు ఎముకకి రెండు వేళ్లు పైకి కట్టుకోండి.

ఆదివారం పరుగు

ముందు హాఫ్‌కి. వారానికి నాలుగు రోజులు. మంగళవారం 6 ఈజీ. గురువారం 7, అందులో మధ్యన 3 కిలోమీటర్లు కొంచెం గట్టిగా, 6:45 దగ్గర. శనివారం 4 ఈజీ. ఆదివారం లాంగ్ రన్ 10తో మొదలు. ఆదివారానికి ఒక్కో కిలోమీటరు పెంచండి: 10, 11, 12, నాలుగో వారం 9కి దిగండి. మళ్లీ 13, 14, 15, తర్వాత 11. మళ్లీ 16, 17, 18. పదకొండు వారాల్లో అయిపోయింది. తర్వాత పది రోజులు తగ్గించి రేసు. 21 ప్రాక్టీసులో చెయ్యాలా? అక్కర్లేదు. 18 చేసినవాళ్లు 21 చేస్తారు.

వారానికి 10 శాతమే పెంచాలి అనే మాట అందరూ చెప్తారు. తప్పేం కాదు గానీ, ఎనిమిది వారాలు ఆపకుండా 10 శాతం పెంచుకుంటూ పోతే రెట్టింపు దాటుతుంది. అసలు విషయం ఆ నాలుగో వారం దిగడంలో ఉంది. ఆ వారం చేసేదాంట్లోంచి మూడో వంతు దాకా కోసెయ్యండి. బాగున్నాను కదా, ఎందుకు తగ్గించాలి అంటారు. బాగున్నప్పుడే తగ్గించాలి.

మామూలు రోజులు మానేసి ఆదివారం ఒక్కటే చేసేవాళ్లు ఉంటారు. ఆఫీసు ఉంది, పిల్లల బడి ఉంది, అర్థమవుతుంది. కానీ వారమంతా కలిపి 10 చేసి ఆదివారం 20 చేస్తే దెబ్బ తప్పదు. లాంగ్ రన్ వారం మొత్తంలో మూడో వంతు ఉంటే మంచిది, మహా అయితే సగం. ఆఫీసు వారం బాగోలేకపోతే ఆదివారం కూడా కుదించుకోండి. 16 అనుకున్నది 11 చెయ్యండి. పోయిన కిలోమీటర్ల బాకీ ఆదివారం తీర్చకండి.

ఫుల్‌కి వచ్చేసరికి పెద్ద వాదం ఒకటుంది. 32 చెయ్యాలా, 35 చెయ్యాలా, 38 చెయ్యాలా? నేనేమంటానంటే, కిలోమీటర్లు కాదు, గంటలు చూడండి. ఫుల్ మూడు గంటల్లోపు చేసేవాడు మూడున్నర గంటల లాంగ్ రన్‌లో 40 దాటతాడు. మన మనిషి 7:45 పేస్‌లో మూడున్నర గంటల్లో 27 చేస్తాడు. 32 చెయ్యాలంటే 4 గంటల 8 నిమిషాలు. మూడున్నర గంటలు దాటాక కొత్తగా వచ్చే లాభం తక్కువ, కాళ్లకి జరిగే నష్టం ఎక్కువ. నడుము వంగిపోతుంది, అడుగు ఈడుస్తారు, తుంటి నుంచి మోకాలి కిందిదాకా తొడ బయటివైపు ఉండే పట్టీ, ఐటీ బ్యాండ్, మోకాలి దగ్గర పట్టేస్తుంది. తర్వాత పది రోజులు మామూలు పరుగు ఉండదు. అందుకని మూడున్నర గంటలు గీత గీసుకోండి. రేసుకి ముందు ఒకే ఒక్కసారి 30 దాకా వెళ్లండి, అదీ ధైర్యం కోసం, అదీ రేసుకి మూడు వారాల ముందు. మిగతా భారం శని, ఆదివారాలకి పంచండి. శనివారం 12, ఆదివారం 24. ఆదివారం మొదటి అడుగే అలిసిన కాలుతో పడుతుంది. 30 తర్వాత కాలు ఎలా ఉంటుందో దాదాపు అదే తెలుస్తుంది, సగం ఖర్చుతో.

ఇంతకీ మొదటి ఫుల్ జనవరిలో అన్నాను, ఆగస్టులో ఎందుకు కాదు? మన ఊరి రేసే కదా? ఆగస్టు చివరి ఆదివారం నుంచి 18 వారాలు వెనక్కి లెక్కపెట్టండి. ఎక్కడికొచ్చాం? ఏప్రిల్ నాలుగో వారం. అంటే ప్లానులో కిలోమీటర్లు పెంచే రోజులన్నీ మే, జూన్. హైదరాబాద్‌లో ఏడింటికే ఒళ్లు కాలుతుంది. విజయవాడ, రాజమండ్రి వాళ్లకి చెప్పక్కర్లేదు, అక్కడ తెల్లవారుజామున నాలుగింటికి కూడా గాలాడదు. వేడికి ఒంటిని అలవాటు చెయ్యొచ్చు, 10 నుంచి 14 రోజులు పడుతుంది, రోజూ గంట లోపు, మెల్లగా. కానీ మూడు గంటల పరుగు వేరు. తర్వాత ఆ రేసు దారి. నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియందాకా ఎక్కుడు దిగుళ్లు, ఫ్లైఓవర్లు. ఎక్కుడు అందరికీ భయం. అసలు దెబ్బ తీసేది దిగుడు. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బ్రేకు వెయ్యాలి, కండరం నలిగేది అక్కడే. మొదటి సగంలో ఫ్లైఓవర్ మీంచి ఎగురుకుంటూ దిగినవాళ్లని చివరి మూడు కిలోమీటర్లలో చూడండి, మెట్టు దిగలేరు. ముంబైలోనూ ముప్పై దాటాక పెద్దర్ రోడ్డు ఎక్కుడుంది, తొమ్మిది దాటితే ఎండా ఉంది. అయినా ప్రాక్టీసు మొత్తం అక్టోబరు నుంచి డిసెంబరు, హాయిగా. అందుకని మొదటిది శీతాకాలం. ఆగస్టు హాఫ్ మాత్రం తప్పక చెయ్యండి, ఎక్కుడు దిగుళ్లకి అంతకంటే మంచి పరీక్ష లేదు.

వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు కాళ్ల బలానికి. మెట్టు అంచున ముందరి పాదంతో నిలబడి మడమ కిందికి దించి పైకి లేపండి. 15 చొప్పున మూడు సార్లు మోకాలు నిటారుగా, మూడు సార్లు మోకాలు కొంచెం వంచి. వంచినప్పుడు పనిచేసేది లోపలి పిక్క, సోలియస్. పరుగులో ఎక్కువ భారం మోసేది అదే, అందరూ వదిలేసేది కూడా అదే. ఒంటికాలి మీద ఆపకుండా 25 చెయ్యగలిగేదాకా పెంచండి. తర్వాత జానెడు ఎత్తు మెట్టు మీంచి ఒంటికాలి మీద మెల్లగా దిగడం, అద్దం ముందు. మోకాలు లోపలికి వాలుతోందా? వాలితే పిరుదుల కండరం చాలడం లేదు. ఇది లాంగ్ రన్ ముందురోజు మాత్రం చెయ్యకండి.

షూ గురించి ఎక్కువ చెప్పను, దాని గురించి మీరే నాకంటే ఎక్కువ చూస్తారు. సాయంత్రం కొనండి, పాదం అప్పటికి కొంచెం ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు వేలి వెడల్పు ఖాళీ ఉండాలి, లేకపోతే గోళ్లు నల్లబడతాయి. ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది. అడుగున కార్బన్ ప్లేటు ఉండే షూ 7:30 పేస్‌కి అవసరం లేదు. అంతే.

తిండి, నీళ్లు

కిలోమీటరుకి, ఒంటి బరువు కిలోకి, సుమారు ఒక కేలరీ ఖర్చు. 65 కిలోల మనిషికి ఫుల్ అంటే 2740. ఒంట్లో గ్లైకోజెన్‌గా, అంటే కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థంగా, నిలవుండేది సుమారు 2000, అదీ కడుపునిండా తిని, విశ్రాంతిగా ఉన్నప్పుడు. మిగతాది కొవ్వు. కొవ్వు బోలెడంత ఉంది, దానికి లోటు లేదు, కానీ అది మెల్లగా కరుగుతుంది. పేస్ పెంచేకొద్దీ ఒళ్లు కొవ్వు వదిలేసి గ్లైకోజెన్ లాగుతుంది. ముప్పై తర్వాత గోడ కొట్టిందంటారే, అదే. కాళ్లు సిమెంటు పోసినట్టు, బుర్ర పనిచెయ్యదు, ఎందుకు వచ్చానురా అనిపిస్తుంది.

అందుకని గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బ్, అంటే పిండిపదార్థం. మన మనిషికి 45 పెట్టుకుందాం. అంటే ఏమిటి? ఒక జెల్‌లో, అంటే పరుగులో పిండుకుని మింగే పాకం ప్యాకెట్‌లో, 22 నుంచి 25 గ్రాములు, ప్యాకెట్ వెనక రాసి ఉంటుంది. ఒక మోస్తరు అరటిపండు 25. మామూలు ఖర్జూరం ఒకటి 6, పెద్ద మెడ్జూల్ అయితే 18. కాబట్టి గంటకి ఒక జెల్, ఒక అరటిపండు. 40వ నిమిషంలో మొదలుపెట్టండి, ఆకలేసేదాకా ఆగకండి. ఆకలేసిందంటే ఆలస్యమైపోయింది. జెల్ నీళ్లతోనే తీసుకోండి. జెల్ మింగి పైన ఎనర్జీ డ్రింక్ తాగితే కడుపులో పాకం అవుతుంది, వికారం, పరుగు మానేసి టాయిలెట్ వెతుక్కోవాలి. ఇదంతా ఆదివారాలు ప్రాక్టీసు చెయ్యాలి. పొట్టకి కూడా ట్రైనింగ్ కావాలండి. రేసు ముందురోజు స్టాల్‌లో ఉచితంగా ఇచ్చిన కొత్త జెల్ రేసులో తినకండి.

ఓఆర్ఎస్ ఎనర్జీ ఇస్తుందనుకుంటారు. ఇవ్వదు. లీటరులో 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది, సగం అరటిపండు. అది ఉప్పు కోసం. ఇంకో సంగతి, పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి. దాన్ని అర లీటరు సీసాలో కలుపుకుని వచ్చేవాళ్లని ప్రతి ఆదివారం చూడొచ్చు. ఈరోజు కూడా ఇద్దరున్నారు, పేర్లు చెప్పను. అంత చిక్కగా తాగితే దాహం పెరుగుతుంది, కడుపు తిప్పుతుంది. చిన్న సీసా అయితే 200 మిల్లీలీటర్ల ప్యాకెట్లు దొరుకుతాయి, అవి కొనండి.

నీళ్లు ఎన్ని తాగాలి? కొలుచుకోండి. పరుగుకి ముందు బట్టలు లేకుండా బరువు చూసుకోండి. గంట పరిగెత్తి, ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూసుకోండి. 65.0 ఉన్నది 64.1 అయింది, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగారు. అంటే గంటకి 1.2 లీటర్ల చెమట. అదంతా తిరిగి తాగాలా? వద్దు. అంత తాగితే కడుపు పట్టదు. దాహాన్ని బట్టి 400 నుంచి 800. ఐదు గంటల రన్నర్‌కి నీళ్లు తక్కువై వచ్చే ప్రమాదం ఎంతో, ఎక్కువై వచ్చే ప్రమాదమూ అంతే. నెమ్మదిగా వెళ్తూ, ప్రతి స్టాల్ దగ్గరా ఆగి, భయంతో ఉత్త నీళ్లు తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. ఉంగరం బిగుతుగా అవుతుంది, తలనొప్పి, వాంతి, మాట తడబాటు. చూసేవాళ్లు డీహైడ్రేషన్ అనుకుని ఇంకా నీళ్లు పోస్తారు. అప్పుడు అది ప్రాణం మీదికి వస్తుంది. పరుగు అయ్యాక బరువు పెరిగిందంటే ఎక్కువ తాగారని అర్థం. రేసులో మాట తడబడుతున్న మనిషి కనపడితే నీళ్లివ్వడం కాదు, మెడికల్ టెంటుకి తీసుకెళ్లండి.

కార్బ్ లోడింగ్ అని ముందురాత్రి బిర్యానీ తింటారు. అది లోడింగ్ కాదు, భారం. ఫుల్‌కైతే రెండు రోజుల ముందు నుంచి ఒంటి బరువు కిలోకి 8 గ్రాముల కార్బ్. 65 కిలోలకి 520 గ్రాములు. వంద గ్రాముల బియ్యంలో 78 గ్రాములుంటుంది, అంటే రోజుకి దాదాపు 670 గ్రాముల బియ్యం. ఎవరు తింటారు? అందుకని అన్నంతో పాటు అటుకులు, అరటిపళ్లు, బెల్లం, పళ్లరసం కలుపుకోండి. పప్పు, ఆకుకూరలు, వేపుళ్లు, కారం, ఆ రెండు రోజులు తగ్గించండి. పెరుగన్నం చాలా మంచిది, పాలు పడేవాళ్లకి. రేసు పొద్దున రెండు మూడు గంటల ముందు మూడు నాలుగు ఇడ్లీ, లేదా రెండు బ్రెడ్ ముక్కలు, తేనె. ఐదింటికి రేసంటే రెండున్నరకి లేవాలి. ఏం చేస్తాం.

ఇంక రేసు. మన మనిషి పేస్ 7:28. చుట్టూ జనం, డప్పులు, చల్లగా ఉంది, కాలు తేలిగ్గా ఉంది, వాచ్‌లో 6:45. చాలా హాయిగా ఉంటుంది. పది కిలోమీటర్లు అలా వెళ్తే 7 నిమిషాలు ముందుంటారు. సంబరం. చివరి 12 కిలోమీటర్లు నడుస్తూ, ఆగుతూ, 10 నిమిషాల పేస్. కిలోమీటరుకి రెండున్నర నిమిషాలు, 12కి 30 నిమిషాలు. ఏడు సంపాదించి ముప్పై పోగొట్టారు. మొదటి 5 కిలోమీటర్లు 7:40లో వెళ్లండి. అందరూ దాటేసి పోతారు. పోనివ్వండి. స్టాల్ దగ్గర మొదటి టేబుల్ దగ్గర ఆగకండి, చివరి టేబుల్ ఖాళీగా ఉంటుంది. నడుస్తూ తాగండి, 30 సెకన్లు, మళ్లీ పరుగు. అలా అనుకుని నడవడం వేరు, కాళ్లు చచ్చి నడవడం వేరు.

హాఫ్ అయ్యాక వాచ్‌లో 21.4 వచ్చిందని నిర్వాహకుల్ని తిట్టకండి. కొలిచిన కోర్సుని సైకిల్‌కి కౌంటర్ పెట్టి, మలుపుల్లో లోపలి అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో, అతి దగ్గరి దారిలో కొలుస్తారు. పైగా పొట్టి కాకుండా వెయ్యికి ఒకటి కలుపుతారు. మీరు జనాన్ని తప్పించుకుంటూ, నీళ్ల కోసం అటూ ఇటూ పోతూ ఎక్కువ పరిగెత్తుతారు, ఫ్లైఓవర్ కింద జీపీఎస్ కూడా తడబడుతుంది. 2:23 కావాలంటే వాచ్‌లో 6:47 కాదు, 6:41 ఉండాలి. టైము ఒక నిమిషంలో తప్పిపోయిందని ఏడ్చేవాళ్లలో సగం మంది సంగతి ఇదే.

ఒరుపులకి వ్యాసెలైన్: చంకలు, గజ్జలు, మడమ. మగవాళ్లు ఛాతీ మీద టేపు. నొప్పి మాత్ర వేసుకుని రేసుకి రాకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఏదీ వద్దు. చెమటతో రక్తం చిక్కబడి కిడ్నీ ముందే కష్టపడుతుంటుంది, ఆ మాత్ర దానికి రక్తం ఇంకా తగ్గిస్తుంది. మాత్ర లేకుండా మొదలుపెట్టలేని కాలు ఆ రోజు పరిగెత్తాల్సిన కాలు కాదు.

ఫుల్ తర్వాత ఏమిటి అని ముందే అడుగుతారు కొందరు. లద్దాఖ్‌లో ఖర్దుంగ్‌లా 72 కిలోమీటర్లుంది. దక్షిణాఫ్రికాలో డర్బన్, పీటర్‌మారిట్స్‌బర్గ్ మధ్య కామ్రేడ్స్ ఉంది, 1921 నుంచి, 90 కిలోమీటర్లకి అటూ ఇటూ, 12 గంటల కటాఫ్, ఒక సెకను దాటినా మెడల్ లేదు. మన ఊళ్ల నుంచి కూడా వెళ్తున్నారు. అక్కడ పని పరుగు కంటే నడక, తిండి. ఫుల్ రెండు మూడు సార్లు, నడవకుండా, చివరి పది మొదటి పది లాగా చేసినప్పుడు మాట్లాడుకుందాం.

ప్రశ్నలు

ముందురాత్రి నిద్ర పట్టకపోతే? ఎవరికీ పట్టదు. అంతకు ముందురాత్రి, అంటే శుక్రవారం, బాగా పడుకోండి. శనివారం రాత్రి కళ్లు మూసుకుని పడుకుంటే చాలు.

షుగర్, బీపీ మందులు వాడుతున్నాను, ఫుల్ చెయ్యొచ్చా అని అడిగారు. చాలామంది చేస్తున్నారు. కానీ అది నేను చెప్పే మాట కాదు, మీ డాక్టర్ చెప్పాలి. నలభై దాటినవాళ్లు, ఇంట్లో గుండె జబ్బులున్నవాళ్లు మందులు లేకపోయినా ఒకసారి చూపించుకుని రండి. ఇన్సులిన్, షుగర్ తగ్గించే మాత్రలు వాడేవాళ్లు లాంగ్ రన్‌కి ఒంటరిగా వెళ్లకండి, జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి.

హాఫ్‌కి పేసర్‌తో, అంటే చెప్పిన టైముకి పరిగెత్తి చూపించే మనిషితో, వెళ్లొచ్చా? వెళ్లండి, మంచిదే. కానీ 2:23 మనిషి 2:15 బస్, అంటే 2:15 పేసర్ వెనక గుంపు, ఎక్కకండి. 2:30 బస్‌తో 16 దాకా వెళ్లి, అక్కడ ఇంకా మాట్లాడగలుగుతుంటే దిగి ముందుకు వెళ్లండి.

చివరి ప్రశ్న, ఫుల్ అయ్యాక మళ్లీ ఎప్పుడు? మొదటి వారం పరుగు లేదు. నడక, కావాలంటే ఈత. రెండో వారం 20, 30 నిమిషాలు చొప్పున రెండు మూడు రోజులు, మెట్లు దిగేటప్పుడు తొడ నొప్పి లేకపోతేనే. నాలుగు వారాల దాకా గట్టి పరుగు వద్దు, కొత్త రేసుకి రిజిస్ట్రేషనూ వద్దు. రేసయిన సాయంత్రమే ఫోన్ తీసి కట్టేస్తారు మీరు, నాకు తెలుసు. సరే, టీ వచ్చింది, లేవండి. పిక్కలు పట్టేసినవాళ్లు మెల్లగా లేవండి.